మీ ప్రశ్నలు – మా జవాబులు: సంధ్యవేళ నడక

ప్రశ్న: రోజూ పొద్దుగూకే వేళ చెట్ల మధ్య గంటసేపు నడుస్తాను. చేతిలో టార్చి ఉంటుంది. అయినా కాకులు తప్ప ఏమీ కనపడవు. ఎందుకని?

జవాబు: మీ నడక ఆగడం లేదు, మీ టార్చి ఆరడం లేదు. అడుగుల అలికిడి వినగానే జీవాలు ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి. గంటలో మూడు నాలుగు చోట్ల ఆగి, ఒక్కోచోట కనీసం పది నిమిషాలు చెట్టు మొదలుకు ఆనుకుని నిలబడండి. మొదటి ఐదు నిమిషాల్లో ఏమీ జరగదు, విసుగొచ్చి కదలకండి.

కన్ను చీకటికి బాగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఫోను చూశారా, లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. టార్చి అద్దం మీద ఎర్ర సెల్లోఫేన్ రెండు పొరలు వేసి రబ్బరు బ్యాండు బిగించండి. చీకట్లో మనకు చూపునిచ్చే రాడ్ కణాలకు ఎరుపు అంతగా ఆనదు. చూపు నడిమధ్యలో ఆ కణాలు ఉండవు గనక, మసకలో కదిలేదాన్ని సూటిగా కాక కాస్త పక్కకు చూడాలి. అయితే అడుగు వేసే చోట తెల్ల వెలుగే వాడండి. పాములు తిరిగేది కూడా ఈ వేళలోనే.

తెల్ల వెలుగుతో ఇంకో లాభం ఉంది. టార్చిని కణతకు ఆనించి గడ్డి మీదికి వేయండి. నీటిబొట్లలా మెరిసేవాటిలో కొన్ని, నేల మీద వేటాడే సాలీళ్ల కళ్లు. వాటి కంటి వెనక పొర వెలుగును వచ్చిన దారినే తిప్పికొడుతుంది. టార్చి నడుము దగ్గర పట్టుకుంటే ఆ మెరుపు మీ కంటిదాకా రాదు. పిట్టల గూళ్లలోకి మాత్రం వెలుగు వేయకండి.

ప్రశ్న: నిద్రగన్నేరు ఆకులు సాయంత్రానికి ముడుచుకుపోతున్నాయి. చెట్టు వాడిపోతోందా?

జవాబు: లేదు. ఆకు తొడిమ మొదట్లో చిన్న ఉబ్బు ఉంటుంది, తడిమి చూడండి. దానిలో ఒక వైపు కణాల నుంచి పొటాషియం, దాని వెంట నీరు బయటికి పోతే ఆ వైపు మెత్తబడి ఆకు వంగుతుంది. చింతాకూ ఇలాగే ముడుచుకుంటుంది. వాడిపోయే చెట్టుకైతే లేత కొమ్మల చివర్లు కూడా వేలాడతాయి, తెల్లవారినా ఆకు విప్పుకోదు.

చెట్టును గుర్తుపట్టాలనుకునేవారు ఎక్కువగా తడబడేది కూడా ఇలాంటి ఆకుల దగ్గరే. ఒకే తొడిమకు వరసగా ఉండే చిన్న రేకులన్నీ కలిసి ఒక ఆకు, కానీ ఒక్కో రేకును ఆకనుకుంటారు. మొగ్గ ఎక్కడుందో వెతకండి: మొగ్గ ఆకు మొదట్లోనే ఉంటుంది, రేకు మొదట్లో ఉండదు.

ప్రశ్న: చీకటి పడుతుండగా తల మీద ఎగిరేది పిట్టా, గబ్బిలమా?

జవాబు: మధ్యమధ్య రెక్కలు చాచి జారుతూ పోతే పిట్ట. ఆపకుండా రెక్కలాడిస్తూ, ఉన్నట్టుండి వంకర తిరిగితే పురుగులు తినే గబ్బిలం.