టైయింగ్ అప్ వచ్చే గుర్రాన్ని గదిలో నిలబెట్టకండి

రేసుల నుంచి తప్పించిన థరోబ్రెడ్ ఆడగుర్రాన్ని కొన్నానని, పావుగంట ట్రాట్ (చిన్న పరుగు) చేయించేసరికి వెనక కాళ్ళు బిగుసుకుపోయి చెమటలు కారుతూ నిలబడిపోతోందని రాశారు. రెండు వారాలు పూర్తిగా రెస్ట్ ఇచ్చి, బలానికి దాణా పెంచమని చుట్టుపక్కల వాళ్ళు చెప్తున్నారట. పెంచాలా అని మీ ప్రశ్న. పెంచొద్దు. రెస్ట్ పేరుతో గదిలో కట్టేయొద్దు. ఇది పనిలో కండరాలు బిగుసుకుపోయే జబ్బు, టైయింగ్ అప్ అంటారు. ఆ రెండూ కలిసిన చోటే ఇది పదేపదే వస్తుంది. నేను కళ్ళారా చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

మా ఆడగుర్రం చుక్కది కూడా ఇదే కథ. నుదుటి మీద తెల్లమచ్చ, ఐదేళ్ళ వయసు, కాగితం ఎగిరినా బెదిరిపోయే రకం. బెంగళూరులో యలహంక అవతల ఒక లాయంలో పెట్టుకున్నాం. ఆ ఏడాది దీపావళికి పనివాళ్ళు చాలామంది ఊళ్ళకు వెళ్ళిపోయారు. మూడు రోజులు గుర్రాలను బయటికే తీయలేదు. టపాకాయల చప్పుడుకు చుక్క గదిలోనే గిరగిరా తిరుగుతూ ఉందట. దాణా మాత్రం ఒక్క పూట తగ్గలేదు. ఓట్స్, బార్లీ, పైన ఉడికించిన ఉలవలు, అన్నీ కలిపి రోజుకు నాలుగున్నర కిలోలు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మన పెద్దవాళ్ళు అన్నట్టు, పని లేకపోయినా తొట్టి నిండుతూనే ఉంది.

నాలుగో రోజు పొద్దున్నే జీను వేసి ఎక్కాను. మొదటి పది నిమిషాలు బాగానే నడిచింది. ట్రాట్‌లోకి వెళ్ళాక అడుగు చిన్నదైంది. బద్ధకిస్తోందనుకుని మడమతో పొడిచాను. ఆ పని చేసినందుకు ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది. ఇంకో రెండు రౌండ్లకు మెడ మీద నుంచి చెమట ధారగా కారింది, ముక్కుపుటాలు ఎగరేస్తూ ఆగిపోయింది. దిగి చూస్తే తొడలు వణుకుతున్నాయి. అక్కడున్న పెద్దాయన ఒకరు ‘ఇది కడుపునొప్పి, నడిపించండి, గాలి పోతే సర్దుకుంటుంది’ అన్నారు. కళ్ళెం పట్టుకుని ఇరవై అడుగులు లాగాను. ప్రతి అడుగుకీ మూలిగింది.

అంతలో మా సైసు, అంటే గుర్రాన్ని చూసుకునే పనివాడు, పరుగెత్తుకొచ్చాడు. హిందూపురం అబ్బాయి, అప్పుడే బస్సు దిగి వచ్చాడు, భుజాన సంచి కూడా తియ్యలేదు. తుంటి మీద చెయ్యి పెట్టి చూసి, ‘అక్కా, నడిపించొద్దు. ఇది కడుపు కాదు. ఇక్కడ పట్టుకుని చూడండి’ అన్నాడు. పట్టుకుంటే కండ కాదు, రోకలిబండలాగా ఉంది. వేలు దిగలేదు. కాసేపటికి అది వంగి మూత్రం పోసింది. ఫిల్టర్ కాఫీ డికాక్షన్ రంగు. దాన్ని చూశాక నాకు కాళ్ళలో వణుకొచ్చింది. దెబ్బతిన్న కండరం నుంచి మయోగ్లోబిన్ అనే పదార్థం రక్తంలోకి వచ్చి మూత్రంలో పోతున్నప్పుడు ఆ రంగు వస్తుంది. అది కిడ్నీలను దెబ్బతీస్తుంది.

నిలబడ్డ చోటే దుప్పటి కప్పి, బకెట్‌తో నీళ్ళు అక్కడికే తెచ్చి పెట్టాం. డాక్టరుగారు వచ్చి సెలైన్లు ఎక్కించారు. మీ దగ్గర నొప్పిమందు పేస్టు ఉంటే తొందరపడి మీరే పెట్టకండి. ఒంట్లో నీళ్ళు తగ్గి ఉన్నప్పుడు ఆ మందులు కూడా కిడ్నీల మీద పడతాయి. రక్తపరీక్షలో సి.కె. అనే కండరాల ఎంజైమ్ మామూలుగా వందల్లో ఉండాలి, చుక్కకు 60,000 దాటింది.

ఇది కొత్త జబ్బేం కాదు. వెనకటికి బండ్లు లాగే గుర్రాలకు ఆదివారం సెలవిచ్చి, దాణా మాత్రం పనిరోజు లెక్కనే పెట్టేవారు. సోమవారం పొద్దున బండికి కట్టగానే బిగుసుకుపోయేవి. అందుకే ఇంగ్లీషు వాళ్ళు దీన్ని సోమవారం జబ్బు అన్నారు. లాక్టిక్ యాసిడ్ పేరుకుపోవడం వల్ల వస్తుందని మీకు చాలామంది చెప్తారు. అది పాత మాట. థరోబ్రెడ్‌లలో మళ్ళీ మళ్ళీ వచ్చే రకంలో కండరం లోపల కాల్షియం కదలికలోనే తేడా ఉంటుందని పరిశోధకుల అంచనా. వయసులో ఉన్న, బెదురు ఎక్కువైన ఆడగుర్రాలకే ఎక్కువ వస్తుంది. అంటే మీ గుర్రం పొగరుతో ఆగడం లేదు. దాని మీద కర్ర ఎత్తేవాళ్ళను దగ్గరికి రానివ్వకండి.

ఇప్పుడు చుక్కకు దాణా అంటే ముప్పావు కిలో బార్లీ, అంతే. మిగతాది గడ్డి, రోజుకు ఎనిమిది తొమ్మిది కిలోలు. బలం నూనె నుంచి వస్తుంది. రైస్ బ్రాన్ ఆయిల్ రోజుకు 50 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి మూడు వారాల్లో మెల్లగా 300 దాకా పెంచాం, దాంతోపాటు డాక్టరు రాసిచ్చిన విటమిన్ ఇ. తవుడు కూడా మంచిదే కానీ మిల్లు నుంచి తెచ్చింది తొందరగా ముక్కిపోయిన వాసన కొడుతుంది. పైగా అందులో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం తక్కువ. అది చూసుకోకుండా బస్తాలు దింపకండి. ఉప్పు రోజూ వేస్తాం. విదేశీ పొడుల డబ్బాలు అమ్మేవాళ్ళ మాట మాత్రం వినకండి. సెలీనియం ఉన్న డబ్బాలు రెండు మూడు కలిపి పెడితే అది విషమే అవుతుంది. ఐదువేల రూపాయల డబ్బా కొనేవాళ్ళు గంటసేపు గుర్రాన్ని బయట తిప్పడానికి మనిషిని పెట్టరు, అదే నా కోపం.

అసలు మందు రోజూ బయట తిరగడమే. పూర్తి సెలవు రోజు అనేది చుక్కకు లేదు. ఎక్కని రోజున ప్యాడక్‌లో, అంటే కంచె వేసిన ఖాళీ జాగాలో, మూడు గంటలు వదులుతాం, వాన పడినా సరే. ఏదైనా కారణంతో గదిలో ఉండాల్సి వస్తే ఆ పూటే దాణా ఆపేస్తాం. తొట్టి దగ్గర ‘పని లేదు, దాణా లేదు’ అని పలక మీద రాసి పెట్టాడు మా సైసు. అందరికంటే ముందు దాని తొట్టే నింపుతాడు, పక్కవాటికి వేస్తుంటే చూసి టెన్షన్ పడుతుందని.

ఇదంతా చేయాలంటే జాగా కావాలి, బెంగళూరులో లేనిదే అది. ఊరి చుట్టూ లేఅవుట్లు పడి, పన్నెండడుగుల గదులు కట్టి, రోజుకు ఇరవైమూడు గంటలు గుర్రాన్ని అందులో ఉంచి నెలకు వేలకు వేలు తీసుకుంటున్నారు. పెళ్ళి ఊరేగింపు గుర్రాల సంగతి ఇంకా ఘోరం. వారమంతా రేకుల షెడ్డులో కట్టేసి, ముహూర్తం నాటి రాత్రి బ్యాండు మధ్యలో తారురోడ్డు మీద గంటలకొద్దీ నిలబెడతారు. ఆగిపోతే మొండిగుర్రం అంటారు. వాటి తుంటి మీద ఎవరైనా చెయ్యి పెట్టి చూస్తారా? మీరు లాయం వెతుక్కునేటప్పుడు గదిలో ఫ్యాన్ ఉందా అని అడగకండి, ప్యాడక్‌లో రోజుకు ఎన్ని గంటలు వదులుతారో అడగండి.

ముందుగా మీ డాక్టరుతో మాట్లాడి, గుర్రం పని అయిన 4 నుంచి 6 గంటల తర్వాత రక్తం తీయించండి. సి.కె.తో పాటు ఏ.ఎస్.టి. అనే ఇంకో ఎంజైమ్ కూడా చూడమనండి. సి.కె. కొద్ది రోజుల్లో దిగిపోతుంది, ఏ.ఎస్.టి. వారాల తరబడి ఉంటుంది, కాబట్టి మీ దగ్గరికి రాకముందు తగిలిన దెబ్బ కూడా కొంత తెలిసే వీలుంది. చుక్కను మళ్ళీ ఎక్కింది ఆ రెండూ మామూలుకు వచ్చాకే. రెండో రోజుకే నొప్పి లేకుండా నడవగలగడంతో చిన్న ప్యాడక్‌లో వదిలాం. గడ్డి తప్ప ఏమీ పెట్టలేదు. ఈ రాత్రికి మీ గుర్రానికీ గడ్డే వేయండి. ఓట్స్ బస్తా మూతి కట్టేయండి.