ఆ రోజు నీళ్లెవరు పెట్టారు?

రాజమహేంద్రవరం,
జనవరి 20

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. అమెరికాలో క్రిస్మస్ సెలవులకు నీ స్నేహితురాలి ఇంటికి వెళ్లి, వాళ్ల గుర్రాల కొట్టం గురించి నువ్వు రాసి పంపిన పన్నెండు పేజీలూ రెండుసార్లు అయ్యాయి. మొదటిసారి నేనే చదువుకున్నాను. రెండోసారి మీ తాతయ్య చేత చదివించుకుని విన్నాను. ఆయన ఎక్కడెక్కడ ఆవలించాడో అక్కడల్లా పెన్సిలుతో గీత పెట్టాను. ఆ కాగితాలు ఫొటోలు తీసి పంపమని మా మనవడికి చెప్పాను. చూసి కోప్పడకు, ఆయన నా కథలకు ఇంతకంటే ఎక్కువ ఆవలిస్తాడు.

మొదటి రెండు పేజీల్లో మంచు తప్ప ఏమీ లేదు. మంచుకు నువ్వు తెచ్చిన ఉపమానాలు లెక్కపెడితే ఏడు తేలాయి: పాలు, వెన్నెల, దూది, మల్లెలు, వెండి దుప్పటి, పెళ్లికూతురి చీర, విభూతి. ఆరు కొట్టేశాను. విభూతి ఉంచాను, నువ్వు కళ్లారా చూసి రాసింది అదొక్కటే కనుక. నల్లగుర్రం వీపు మీద మంచు విభూతిలా నిలిచి ఉంది, ఎంతసేపటికీ కరగడం లేదు అన్నావు. పాపం చలికి ఎలా ఉందో అని నువ్వు జాలిపడితే నీ స్నేహితురాలి తల్లి నవ్వి, నీ గ్లవుజు తీయించి, దాని మెడ దగ్గర బొచ్చులోకి వేళ్లు దూర్చమన్నదట. లోపల వెచ్చగా ఉందట. ఇంత మంచి సంగతిని పట్టుకుని ‘అది చలికి అలవాటు పడిన గుర్రమని తర్వాత తెలిసింది’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు.

అది వట్టి అలవాటు కాదమ్మా. పశువైద్యుడైన నా శిష్యుణ్ణి అడిగాను. వేసవి ముగిసి పగళ్లు కురచవుతుంటే, ఇంకా చలి అన్నది రాకముందే గుర్రానికి శీతకాలపు బొచ్చు మొలవడం మొదలవుతుందట. చలి పడగానే ఆ వెంట్రుకలు నిక్కబొడుచుకుని వాటి మధ్య గాలిని పట్టి ఉంచుతాయి. ఒంటి వేడి పైకి రాదు, అందుకే పైనున్న మంచు కరగదు. ఆ మంచు కరిగి బొచ్చు చర్మం దాకా తడిసిందంటే అప్పుడు కంగారు పడాలి. ఈ ముక్కలన్నీ ఆవిడ నోటే వినగలిగేదానివి, ఇంకో రెండు ప్రశ్నలు అడిగి ఉంటే. నువ్వు మంచును చూస్తూ ఉండిపోయావు.

నా సంగతి మీ తాతయ్య నీకు చెప్పాడో లేదో. ఆయనతో కలిసి ఒకే బడిలో పాఠాలు చెప్పక ముందు నేను జట్కావాడి కొడుకుని. మా నాన్న గోదావరి స్టేషను దగ్గర బండి కట్టేవాడు. కొట్టం ఊడ్చి, లద్ది ఎత్తి పోసి, కాళ్లు కడుక్కుని బడికి పరుగెత్తేవాణ్ణి. మాకూ చలికాలం సెలవులుండేవి, సంక్రాంతికి. ఊరందరికీ పండగ, మా గుర్రానికి మాత్రం రైలు రైలుకీ బేరం. కొత్త అల్లుళ్లు, ఇనప్పెట్టెలు, అరిసెల డబ్బాలు. భోగినాడు తెల్లవారుజామున మూడింటికే మా అమ్మ ఉలవలు ఉడకేసేది. గుగ్గిళ్లు గుర్రానికి, వాటి కట్టు మాకు చారుకి. వీధిలో అందరూ మంట చుట్టూ మూగితే మా నాన్న ఎక్కడో వీధి చివర, గుర్రం బెదరకుండా దాని చెవులు నిమురుతూ నిలబడేవాడు. మా నాన్న భోగిమంట కాచుకోగా నేను ఎన్నడూ చూడలేదు.

ఇరవై రెండేళ్లప్పుడు ఆ గుర్రం చావు మీద కథ రాశాను. చావబోయే ముందు అది యజమాని ఒళ్లో తల పెట్టి బొటబొటా కన్నీళ్లు కారుస్తుంది. ఒక పత్రిక వేసుకుంది కూడా. గర్వంగా పట్టుకెళ్లి మా నాన్నకు చదివి వినిపించాను, ఆయనకు చదువు రాదు. చివరిదాకా విని, చుట్ట నేలకు రాసి ఆర్పి, ‘ఆ రోజు నీళ్లెవరు పెట్టారు?’ అన్నాడు. నాకు అర్థం కాలేదు. ‘పొద్దున్నుంచీ దానికి బాగాలేదన్నావు కదా. నీళ్లు పెట్టారా? తాగిందా? తాగకపోతే ఆ సంగతి కనిపెట్టింది ఎవరు?’ నా కథలో నీళ్లు లేవు. ఆరు పేజీల పాటు, తెల్లవారింది మొదలు పొద్దుగూకే దాకా, చుక్క నీరు ముట్టని గుర్రం చివర్లో మాత్రం చెంబెడు కన్నీళ్లు కార్చింది.

ఇక నీ తొమ్మిదో పేజీకి వస్తాను. అక్కడ ఒక వాక్యం ఉంది: ‘ఇరవై నాలుగో తేదీ రాత్రి మంచు తుఫానుకు కరెంటు పోయింది, ఒక ముసలి గుర్రానికి నలతగా ఉంది, అయినా క్రిస్మస్ ఆనందంగానే గడిచింది.’ దాని కింద రెండు గీతలు పెట్టాను. ఈ గీతలు ఆవలింతలవి కావు. మొన్న ఆదివారం ఫోనులో ‘ఏమిటా నలత?’ అని అడిగితే నలభై నిమిషాలు ఆగకుండా చెప్పావు. చెప్పింది చెప్పినట్టు గుర్తు చేస్తాను, చూసుకో.

బావిలో నీళ్లున్నాయి, తోడే మోటారుకు కరెంటు లేదు. బయటి తొట్టెలో నీళ్లు గడ్డకట్టకుండా ఉంచే హీటరూ ఆగిపోయింది. తుఫాను హెచ్చరిక వినగానే నీ స్నేహితురాలి తల్లి స్నానాల తొట్టె నిండా నీళ్లు పట్టి ఉంచింది కాబట్టి సరిపోయింది. పండగకు వచ్చిన చుట్టాలు రెండు రోజులు స్నానం మాట ఎత్తలేదు. గుర్రానికి రోజుకు పాతిక నుంచి ముప్ఫై లీటర్లు, అలాంటివి ఆరు. కట్టెల పొయ్యి మీద కాచిన నీళ్లను చన్నీళ్లలో కలిపి, జారకుండా బూడిద చల్లిన దారిలో మోసుకెళ్లారు. అడుగులు నూటపది అని నువ్వే లెక్కపెట్టావు. ఒకసారి నీ తడి గ్లవుజు బకెట్టు ఇనప పిడికి అంటుకుపోయి, చెయ్యి ఊడి వచ్చింది గానీ గ్లవుజు బకెట్టుకే ఉండిపోయింది.

ఐదు గుర్రాలు తాగాయి. ఇరవై ఆరేళ్ల ఆడగుర్రం మాత్రం మూతి ముంచి, పెదవులు తడుపుకుని, తల పక్కకు తిప్పేసింది. ఆవిడ టార్చి వెలుతురు దాని ముఖం మీద వేయలేదు, నేల మీద వేసింది. పొద్దుటి నుంచి మూడంటే మూడు కుప్పల లద్ది, అదీ చిన్నచిన్న ఎండు ఉండలు. సరిగ్గా తిని తాగే గుర్రం రోజుకు ఎనిమిది, పది సార్లయినా వేస్తుంది. ఆవిడ టార్చి ఆర్పేసి, పక్కటెముకల వెనక డొక్కకు చెవి ఆనించి నిలబడింది. ఎడమ పక్క కాసేపు, కుడి పక్క కాసేపు. ఇంటి తలుపు ఎవరో తెరిచినప్పుడల్లా చుట్టాల పాటలు వినిపించి, మూసుకోగానే ఆగిపోతున్నాయి. తర్వాత నీ చెవి కూడా ఆనించమంది. ‘దూరాన ఉరుములాంటిది ఒకటి వచ్చింది తాతయ్యా, మళ్లీ ఎంతసేపటికీ రాలేదు’ అన్నావు ఫోనులో. ఆ మాట నీ పన్నెండు పేజీల్లో ఎక్కడుంది? వెతికి అలసిపోయాను.

గుర్రం వాంతి చేసుకోలేదు. మింగింది ఏదైనా ముందుకే పోవాలి. పొడి గడ్డి మేసి, చల్లటి నీళ్లకు మొహం తిప్పుకుంటే లోపల అది గట్టిపడి పేగులో అడ్డం పడుతుంది, పేగుల చప్పుడు తగ్గిపోతుంది. చలికాలంలో ముసలి గుర్రాల ప్రాణం మీదకు తెచ్చేవాటిలో ఇదొకటి. ఈ సంగతి పాఠకుడికి ముందే తెలిస్తే ఆ నిశ్శబ్దంలో అతనూ చెవి ఆనిస్తాడు. తెలియకపోతే ఆవిడ గుర్రాన్ని ముద్దు చేస్తోందని అనుకుంటాడు.

వైద్యుడు ఫోనులోనే గడ్డి తీసేయమన్నాడు, నడిపించమన్నాడు, గంటకోసారి నాడి చూడమన్నాడు. దవడ కింద వేలు పెట్టి నువ్వు లెక్కపెట్టావు, నిమిషానికి 52. కుదురుగా నిలబడ్డ గుర్రానికి 28 నుంచి 44 ఉండాలి. అర్ధరాత్రి దాటాక ఆవిడకు ఏదో తోచి, పండగ బల్ల మీది ఆపిల్ రసం సీసా తెచ్చి గోరువెచ్చటి నీళ్లలో ఒంపింది. గుర్రం వాసన చూసింది, ఆగింది, తాగింది. నాలుగింటికి లద్ది వేసింది. నాడి 40కి దిగింది. ఆవిడ ఆ వేడి లద్ది పక్కనే గడ్డి మోపు మీద కూలబడి ఏడ్చిందని చెబుతూ నువ్వు నవ్వావు. నవ్వుతోనే రాయి, పరవాలేదు. ‘ఆనందంగానే గడిచింది’ మాత్రం తీసెయ్యి.

మొదలు ఎక్కడ పెట్టాలని అడుగుతావు. స్నానాల తొట్టె దగ్గర పెట్టు. పండగ ఇల్లు, చుట్టాలు, తొట్టె నిండా నీళ్లు, ఎవరూ ముట్టుకోకూడదు. ఎందుకో రెండో పేజీ దాకా చెప్పకు.

ఇక మాటల సంగతి. ‘గుర్రపు పేడ’ అని నాలుగు చోట్ల రాశావు. పేడ ఆవుది, గేదెది. గుర్రానిది లద్ది. జట్కావాడి కొడుకుని, ఈ ఒక్కటీ క్షమించలేను. ‘గుర్రం అరిచింది’ అన్నచోట సకిలించింది అని దిద్దాను. అయితే దాణా డబ్బా చప్పుడు వినగానే ముక్కుపుటాలు అదురుతూ గొంతులోనే సన్నగా చేస్తుంది చూడు, అది సకిలింపు కాదు. మా నాన్న దాన్ని పిలుపు అనేవాడు. ఎండుగడ్డి అని రాస్తే మనవాళ్లకు వరిగడ్డి వాము కళ్ల ముందుకొస్తుంది. అక్కడిది పచ్చగా ఉండగానే కోసి ఎండబెట్టిన పచ్చిక, ఆకుపచ్చ రంగూ వాసనా పోనిది. ఆ తేడా ఒక్కసారి చెప్పు, తర్వాత గడ్డి అని రాసుకో. హాల్టర్ అంటే కళ్లెం అని రాశావు, కళ్లెంలో నోటి ఇనుము ఉంటుంది, దీనిలో లేదు. దీనికి తెలుగు మాట నా దగ్గరా లేదు. హాల్టర్ అనే ఉంచి, నోట్లో ఇనుము లేని తలతాడు అని మొదటిసారి చెబితే చాలు. ఇంకొకటి, ‘15 డిగ్రీల గడ్డ కట్టే చలి’ అన్నావు. 15 అంటే ఇక్కడ శాలువా కప్పుకునే చలి. మీ ఫారెన్‌హీటు 15 మన లెక్కలో మైనస్ 9. మార్చకపోతే లంబసింగి వాళ్లు కూడా నవ్వుతారు.

మోర్గాన్ జాతి గుర్రాల చరిత్ర పేజీన్నర ఉంది. ఆ జాతికి మూలమైన, 1789లో పుట్టిన ఫిగర్ అనే గుర్రం, 1961లో ఆ జాతి అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్ర జంతువు కావడం, అన్నీ సరైనవే కావచ్చు, కానీ ఎవరు రాసినా అవే ఉంటాయి. అందులో ఒక్కటి ఉంచు: ఫిగర్‌ను వెర్మాంట్‌కు తెచ్చిన జస్టిన్ మోర్గాన్ బడిపంతులు. మిగతా చరిత్ర అంతా ఆవలిస్తూ చదివిన మీ తాతయ్య అక్కడ నిటారుగా కూర్చున్నాడు. పంతులు పేరు మీద గుర్రాల జాతి ఉన్నదంటే మాకు కొంచెం పొగరుగా ఉండదా?

డబ్బు గురించి ఎక్కడా ఎత్తలేదు నువ్వు. లెక్కల్లేని పల్లెటూరి కథను నేను నమ్మను. ఆరు గుర్రాల్లో మూడు ఊళ్లోవాళ్లవి, నెలకింత తీసుకుని చూస్తుందని ఫోనులో చెప్పావు. ఒక్కో గుర్రానికి రోజుకు పది కిలోల గడ్డి అనుకున్నా ఆరింటికి ఇరవై కిలోల మోపులు మూడు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అయిదు వందలు దాటతాయి. చలి ఎక్కువైన రాత్రి ఇంకొంచెం వేయాలి, ఆ గడ్డి కడుపులో పులిసి పుట్టించే వేడే వాటికి కుంపటి. ఆ మోపులన్నీ ఎండాకాలంలోనే కొని అటక మీద పేర్చుకోవాలి. ఆవిడ ఆసుపత్రిలో నర్సు పని చేసేది ఈ గడ్డి కోసమేనని నువ్వు నవ్వులాటగా అన్నావు, నాకు నవ్వు రాలేదు. పైగా ఆ ముసలి గుర్రం ఎక్కడానికి పనికిరాదు, పిల్లల్నీ ఈనదు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మనవాళ్లు ఎగతాళికి అంటారు. ఆవిడ ఎనిమిదేళ్లుగా ఆ దాణా కొలిచి పెడుతోంది.

పండగ రోజు ఊళ్లోవాళ్లు తమ గుర్రాలకు ఎరుపు తెలుపు చారల పిప్పర్‌మెంట్లు తెచ్చారని, ఆ కాగితం చప్పుడు వింటే ఆరు తలలూ ఒకేసారి బయటికొచ్చాయని రాసిన పేరా చాలా బాగుంది. ముట్టుకోకు. మా గుర్రానికి బెల్లం అంటే అంతే, మా నాన్న జేబులో చెయ్యి పెడితే చాలు. నాలుగుంబావుకే పొద్దుగూకి, దీపాలు పెట్టుకుని కొట్టం ఊడ్చే పేరా కూడా బాగుంది, కానీ ‘విషాద సంధ్య’ అన్న మాట తీసేస్తే. చీపురు పట్టుకున్నవాళ్లకు సంధ్య విషాదంగా ఉండదు, ఆలస్యమైపోయినట్టు ఉంటుంది. ఆఖరి పేజీలో ‘గుర్రాలు నాకు ఓర్పు నేర్పాయి’ అన్నది కొట్టేశాను. అవి నీకేమీ నేర్పాలని అనుకోలేదు, గడ్డి తిన్నాయి.

తిరగరాశాక ముందు ఆవిడకు చదివి వినిపించు, ఇంగ్లీషులో చెప్పినా సరే. ఆవిడ ఇల్లు, ఆవిడ ఏడుపు. వద్దన్నది తీసెయ్యి. తర్వాత నాకు పంపు. తొందరేమీ లేదు, పరీక్షలు కానియ్యి.

ఇది రాస్తుంటే మీ తాతయ్య భుజం మీంచి చూస్తూ, ఆ ఆపిల్ రసం నీళ్ల తర్వాత గుర్రం మళ్లీ మామూలు నీళ్లు ఎప్పుడు తాగిందో అడగమంటున్నాడు. నువ్వు చెప్పలేదు. ఫోనులో అంతసేపు మాట్లాడి నేనూ అడగలేదు. మా నాన్న ఉంటే ముందు అదే అడిగేవాడు.

ఇట్లు,
మాస్టారు తాతయ్య