ఆప్షన్లు అమ్మాక మార్జిన్ పెరిగితే బ్రోకర్ పొజిషన్ మూసేయవచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండ. ఎనుమాముల మార్కెట్లో పత్తి వ్యాపారం చేస్తాను. ఇక్కడి సబ్‌బ్రోకర్ ద్వారా సరుకుల ఎక్స్ఛేంజీ ఎంసీఎక్స్‌లో ముడి చమురు ఫ్యూచర్స్ (ముందే కుదిరిన ధరకు తర్వాతి తేదీన కొనే, అమ్మే ఒప్పందాలు) మీద కాల్ ఆప్షన్లు (నిర్ణీత ధరకు కొనే హక్కులు) అమ్మాను. మార్జిన్ (పూచీగా ఉంచాల్సిన సొమ్ము) పెరిగిందని మధ్యాహ్నం మెసేజ్ పంపారు. నేను డబ్బు సర్దేలోపే సాయంత్రానికి నా పొజిషన్ (తెరిచి ఉన్న లావాదేవీ) స్క్వేర్ ఆఫ్ చేసి, అంటే మూసేసి, నష్టం నా ఖాతాలో రాశారు. ఇది చెల్లుతుందా? బ్రోకర్‌ను మార్చాలనుకుంటే ఏమేం చూసుకోవాలి?

జవాబు: మార్జిన్ పెంచడాన్ని ప్రశ్నించడానికి మీకు పెద్దగా అవకాశం లేదు. ఆప్షన్ కొన్నవారి నష్టం దాని ధరగా కట్టిన ప్రీమియంతో ఆగిపోతుంది. అమ్మినవారి బాధ్యతకు ఆ హద్దు లేదు. అందుకే ధరల ఒడిదుడుకులు పెరిగినప్పుడు ఎక్స్ఛేంజీ లావాదేవీల చెల్లింపులకు పూచీపడే క్లియరింగ్ కార్పొరేషన్ మార్జిన్ పెంచుతుంది, అది అప్పటికే తెరిచి ఉన్న పొజిషన్లకూ వర్తిస్తుంది. ఎక్స్ఛేంజీ అడిగినదానికంటే ఎక్కువ అడిగే స్వేచ్ఛ బ్రోకర్‌కూ ఉంది. 2020 ఏప్రిల్‌లో ముడి చమురు కాంట్రాక్టు ఎంసీఎక్స్‌లో బ్యారెల్‌కు మైనస్ 2,884 రూపాయల వద్ద సెటిలైన సంగతి గుర్తున్నవారికి ఈ జాగ్రత్త ఎందుకో చెప్పనక్కరలేదు.

మీరు ప్రశ్నించగలిగింది పొజిషన్ మూసిన తీరును. ఖాతా తెరిచినప్పుడు మీరు సంతకం చేసిన కాగితాల్లో బ్రోకర్ విధివిధానాల పత్రం ఒకటి ఉంటుంది. మీరు ఉంచిన మార్జిన్ చాలకపోతే ఏ మార్గంలో తెలియజేస్తారు, ఎంత గడువిస్తారు, ఎప్పుడు మూసేస్తారు అన్నవి అందులో రాసి ఉండాలి. మరుసటి రోజు వరకు గడువిస్తామని రాసి అదే సాయంత్రం మూసి ఉంటే మీ వాదనకు బలముంది. మళ్లీ తెలియజేయకుండానే మూసే హక్కు తమకుందని రాసి ఉంటే మాత్రం, నిజం చెప్పాలంటే చాలా పత్రాల్లో ఇలాగే ఉంటుంది, మీ కేసు బలహీనపడుతుంది.

మెసేజ్ వచ్చిన సమయం, కాంట్రాక్ట్ నోటు (లావాదేవీకి బ్రోకర్ ఇచ్చే రసీదు), ఆ రోజు మార్జిన్ స్టేట్‌మెంటు, లెడ్జరు దగ్గర పెట్టుకుని ముందుగా బ్రోకర్‌కే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. పరిష్కారం దొరక్కపోతే మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ వారి స్కోర్స్ ఫిర్యాదుల పోర్టల్లో ఏడాదిలోపు ఫిర్యాదు నమోదు చేయాలి. ఆ తర్వాతి మార్గం స్మార్ట్ ఓడీఆర్ అనే వివాద పరిష్కార పోర్టల్. అక్కడ ముందు రాజీ ప్రయత్నం, అది కుదరకపోతే మధ్యవర్తిత్వం ఆన్‌లైన్లోనే జరుగుతాయి కాబట్టి మీరు ముంబై వెళ్లనక్కరలేదు.

మీ సబ్‌బ్రోకర్ గురించి ఒక అనుమానం తీర్చుకోవాలి. అతడు బ్రోకర్ తరఫున ఎక్స్ఛేంజీలో నమోదైన అధీకృత వ్యక్తి అయితే, అతడు చేసిన పనులకు బ్రోకరే బాధ్యుడు. అయితే మీ డబ్బు తన సొంత ఖాతాలోకి తీసుకునే హక్కు అతడికి లేదు. మీకు కాంట్రాక్ట్ నోట్లే రాకుండా లెక్కలు చీటీ మీద, వాట్సాప్‌లో నడిచి ఉంటే, అసలు ఆ లావాదేవీ ఎక్స్ఛేంజీలో జరిగిందో లేదో వెంటనే తేల్చుకోండి. గుర్తింపు పొందిన ఎక్స్ఛేంజీలో జరిగిన, ఫ్యూచర్స్, ఆప్షన్ల వంటి డెరివేటివ్‌లకు 1956 నాటి సెక్యూరిటీస్ కాంట్రాక్టుల చట్టం 18ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. బయట నడిచే డబ్బా వ్యాపారం నేరమే కాక, 1872 కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం సొమ్ము కోసం కోర్టుకెక్కే వీలు కూడా లేదు.

కొత్త బ్రోకర్ విషయంలో బ్రోకరేజీ కొన్ని రూపాయలు అటూ ఇటూ అన్నది ఆఖరున చూడండి. ముందు సెబీ వెబ్‌సైట్లో రిజిస్ట్రేషన్ సరిచూసుకుని, పైన చెప్పిన విధివిధానాల పత్రాన్ని సంతకానికి ముందే అడిగి చదవండి. గడువు గంటల్లోనా రోజుల్లోనా అన్నది స్పష్టంగా లేకపోతే ఈమెయిల్లో అడిగి జవాబు తీసుకోండి. షేర్లను మార్జిన్‌గా చూపితే అవి మీ డీమ్యాట్ ఖాతాలోనే తాకట్టుగా ఉండాలి, బ్రోకర్ ఖాతాకు బదిలీ కాకూడదు. ముడి చమురు ఆప్షన్లు గడువు ముగిసే రోజు కొన్నవారి వైపు లాభంలో ఉంటే ఫ్యూచర్స్ పొజిషన్లుగా మారతాయి, అప్పుడు ఫ్యూచర్స్‌కు సరిపడా మార్జిన్ కావాలి. దానికెన్ని రోజుల ముందు నుంచి అదనపు సొమ్ము అడుగుతారో కూడా తెలుసుకోండి. పాత ఖాతా మూసేముందు లెడ్జరు, కాంట్రాక్ట్ నోట్లు అన్నీ డౌన్‌లోడ్ చేసుకోండి, ఫిర్యాదుకు అవి అవసరమవుతాయి.