చిత్రకారుల ఇంటికి పెరటి దారిన

చి. అమ్మడికి, పర్లాకిమిడి నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

స్నేహితులతో కలిసి వస్తానని, బట్ట మీద బొమ్మలు రాసే పటచిత్రాల వాళ్ళ ఇల్లు చూపించమని రాశావు. తప్పకుండా రా. కానీ రఘురాజ్‌పూర్ చూసొచ్చిన లెక్కలో ఇక్కడికి రావద్దు. పూరీ పక్కన ఉన్న ఆ ఊరు నలుమూలలా పేరుపడింది. టూరిస్టు బస్సులు వస్తాయి, ప్రతి అరుగు మీదా పటాలు పరిచి పెడతారు, నచ్చకపోతే పక్కింటికి పోవచ్చు. ఇక్కడ బోర్డూ ఉండదు, టికెట్టూ ఉండదు. చిత్రకారుడు తన ఇంట్లో తన పని చేసుకుంటూ ఉంటాడు. మీరు చుట్టాల్లా వెళ్ళాలి.

ముందుగా ఏ రోజుల్లో రావాలో చూసుకోవాలి. జ్యేష్ఠ పున్నమికి స్నానం అయ్యాక జగన్నాథుడికి జ్వరమని రథయాత్ర దాకా దర్శనం ఆపేస్తారు కదా. ఆ పక్షం రోజులూ పూజ అందుకునేది మూర్తుల బదులు పెట్టే అణసర పటాలే. అవి రాసేది చిత్రకారులే కాబట్టి ఆ ముందు వారాల్లో వాళ్ళకి ఊపిరాడదు. ఆ తర్వాత వానలు, బట్ట ఆరదు. అందుకని కార్తీకం వెళ్ళాక రా. పొద్దున్నే టిఫిన్ కానిచ్చి బయల్దేరితే మంచి వెలుతురు ఉంటుంది. మధ్యాహ్నం భోజనాల వేళ మాత్రం వద్దు. వాళ్ళు తినకుండా పంపరు, ఇంటి ఇల్లాలికి అనవసరపు టెన్షన్.

గడప దాటగానే బొమ్మలేవీ అని అడక్కండి. ముందు పెరట్లోకి తీసుకెళ్ళమను. నా మాట విను, ఆ పెరడు చూడకపోతే పటం సగమే చూసినట్టు. అక్కడ వెలగచెట్టు ఉంటుంది. మనకి వెలగపండంటే వినాయకచవితి పాలవెల్లి గుర్తొస్తుంది, వాళ్ళకి ఆ చెట్టు బెరడు మీద కారి గడ్డకట్టిన జిగురు కావాలి. దాన్ని ఏరి నీళ్ళలో నానేస్తారు. ఏ రంగైనా బట్టని పట్టుకుని ఉండేది ఆ జిగురుతోనే. పక్కనే చింతచెట్టు. అష్టాచెమ్మా ఆడుకునే ఆ చింతపిక్కల్నే నానబెట్టి, రుబ్బి, ఉడకబెడితే గంజిలాంటి ముద్ద అవుతుంది. రెండు నూలు బట్టలు ఒకదాని మీద ఒకటి అంటించేది దాంతోనే. మొగలి వేరు ముక్క ఎక్కడైనా ఆరేసి కనిపిస్తే అడిగి చూడు. దాని కొస దంచితే పీచు విడి కుంచె అవుతుంది, అది మందపాటి పనికి. సన్నగీతలకి వేరే, వెంట్రుకల కుంచె. చెట్ల మీద చెయ్యి వెయ్యొద్దు, పువ్వు కూడా కొయ్యొద్దు. నులక మంచం ఖాళీగా ఉంది కదా అని కూర్చోకు, దాని మీద బట్ట ఆరుతూ ఉండొచ్చు.

పనిచేసే చోటంటే పెద్ద హాలు ఊహించుకోకు. వసారాలో ఒక చాప, చుట్టూ కొబ్బరిచిప్పల్లో రంగులు, అంతే. చెప్పులు మెట్టు కిందే వదిలి, ఆయనకి వెలుతురు అడ్డం రాకుండా పక్కగా కూర్చోండి. నీళ్ళ సీసాలు సంచుల్లోనే ఉంచండి. ఒక్క చుక్క పడితే ఎన్నాళ్ళ పనో పోతుంది.

పూర్తయిన పటం కంటే సగంలో ఉన్నదాన్ని చూపించమని అడుగు. సుద్దపొడి, జిగురు కలిపి పూసిన బట్టని ముందు గరుకు రాయితో, తర్వాత నున్నటి రాయితో రుద్దుతారు. రుద్ది రుద్ది అది తోలులా నున్నగా తేలుతుంది. ఒప్పుకుంటే ఓ మూల వేలితో తాకి చూడు. బొమ్మ కంటే ముందు అంచు గీస్తారు. చెయ్యి తిరిగినవాడు పెన్సిల్ పట్టకుండా నేరుగా కుంచెతోనే గీత లాగుతాడు. మొహాలకి కన్ను, కనుబొమ దిద్దే నల్లగీతలు ఆఖర్న పడతాయి. ఆ గీత లాగేటప్పుడు ఎవరూ మాట్లాడొద్దు, ఫోటో కూడా వద్దు.

రంగుల సంగతి గట్టిగా చెప్తున్నాను. తెలుపు శంఖాల పొడి, నలుపు దీపం మసి, వాటితో భయం లేదు. కానీ పసుపు హరిదళం, అందులో పాషాణం, అంటే ఆర్సెనిక్ విషం ఉంది. ఎరుపు ఇంగిలీకం, అది పాదరసం సరుకు. మీతో వచ్చేవాళ్ళలో చిన్నపిల్లలుంటే ఆ చిప్పల దగ్గరికి పోనివ్వకండి. మీరైనా ముట్టుకుంటే చేతులు కడుక్కునే టీ తాగండి. ఈ రోజుల్లో చాలామంది బజారు రంగులు కూడా వాడతారు, అది తప్పేం కాదు. రాతిరంగుల పటమే కావాలనుకుంటే కొనేటప్పుడు మామూలుగా అడుగు, పోలీసులా నిలదియ్యకు.

ఇంకో మాట. చింతపిక్కల జిగురు కాచడం, బట్ట అంటించడం, రాయితో రుద్దడం, చాలా ఇళ్ళల్లో రంగులు నింపడం కూడా ఆడవాళ్ళ పనే. అయినా వచ్చినవాళ్ళంతా ఆయన పక్కనే కూర్చుని ఫోటో దిగి వెళ్ళిపోతారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. నువ్వు ఆవిడని "మావుసీ" (ఒడియాలో పిన్ని) అని పలకరించి, రుద్దుడు రాయి ఎక్కడ దొరుకుతుందో అడుగు. ఆయన కంటే ఎక్కువ చెప్తుంది. మీకు ఒడియా రాకపోయినా పర్వాలేదు. 1936లో ఊరు ఒడిశాకి పోయినా బజారులో తెలుగు పోలేదు, వాళ్ళకి మన మాట అర్థమవుతుంది.

కొనాలని బలవంతం లేదు. కొనేటట్టయితే మాత్రం చేపల బజారు బేరం ఆడకు. పెద్ద పటం భారమనుకుంటే గంజపా పేకలు, అంటే వాళ్ళు చేత్తో బొమ్మలు రాసిన పేకముక్కలు అడుగు. గుండ్రటివి, ఎనిమిది రంగుల (మన ఇస్పేటు, ఆఠీను లాంటివి) కట్టయితే తొంభై ఆరు, దశావతారాల కట్టయితే నూట ఇరవై. రాజు, మంత్రి, ఆపైన ఒకటి నుంచి పది దాకా ఒక్కో రంగుకి పన్నెండు. కట్టంతా కొనే డబ్బు లేకపోతే విడిగా ఇస్తారేమో అడుగు. మొహమాటపడి ఏమీ కొనకుండా వచ్చే బదులు అది నయం. పటం తీసుకుంటే మడత పెట్టనివ్వకు, చుట్ట చుట్టించుకో. పీవీసీ గొట్టం ముక్క ఒకటి వెంట తెచ్చుకుంటే రైల్లో నలగదు.

చేతిలో పళ్ళు పట్టుకెళ్ళు, స్వీటు నేను తెప్పిస్తాను. పలాసలో దిగి బస్సెక్కు. నౌపడా–గుణుపూర్ రైలు మా ఊరి మీదుగానే పోతుంది గానీ టైము కుదిరితేనే దాన్ని నమ్ముకో. తారీఖు ఖాయం చేసుకుని నాకు ఫోన్ చెయ్యి, ఎంతమంది వస్తున్నారో సరిగ్గా చెప్పు. ఆయనతో ముందే మాట్లాడి ఉంచాలి.

ఇట్లు,
పెద్దమ్మ