మంత్రులు మారతారు సరే, మీ అమ్మాయి ఏ గుమ్మంలోంచి వెళ్తుంది?

ప్రశ్న: మాది కడప జిల్లా. ఇరవై ఏళ్లుగా బెంగళూరు రామమూర్తి నగర్‌లో ఉంటున్నాం. అమ్మాయి సెకండ్ పీయూసీ, అంటే ఇంటర్ రెండో ఏడాది. రక్షణ శాఖలో పెద్ద ఆఫీసర్ అవుతానంటోంది. 1947 నుంచి రక్షణ మంత్రులు ఎవరెవరో చార్టు రాసి గోడకి అంటించింది కూడా. రెండేళ్లకో మంత్రి మారే చోట ఉద్యోగానికి భరోసా ఏముంటుంది? మా బావమరిది చెన్నై ఆవడిలో ట్యాంకుల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, 'ఒక్క సంతకంతో మమ్మల్ని కంపెనీ చేసేశారు' అంటాడు. సైన్యంలో అయితే నాలుగేళ్లకే ఇంటికి పంపేస్తున్నారట. బంధువులు ఏరోస్పేస్ అండ్ డిఫెన్స్ బీటెక్‌లో చేర్చమంటున్నారు, మేనేజ్‌మెంట్ సీటు ఏడాదికి నాలుగు లక్షలు. ఎన్డీఏ (సైనిక ఆఫీసర్ల శిక్షణ అకాడమీ), డీఆర్డీవో (రక్షణ పరిశోధన సంస్థ), సివిల్స్, ఈ మూడింట్లో ఏది మంచిది? ఆడపిల్ల కదా, ఎక్కడెక్కడో పోస్టింగులు వేస్తారేమో. - ఒక తండ్రి

జవాబు: ముందు మీ బావమరిది మాట తేల్చేద్దాం, ఎందుకంటే మీ దిగులుకి వేరు అక్కడుంది. 2021 అక్టోబరు 1న ఆయుధ ఫ్యాక్టరీల్ని నడిపే ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డు రద్దయి, 41 ఫ్యాక్టరీలూ ఏడు ప్రభుత్వ కంపెనీల కిందికి వెళ్లాయి. ఆవడిలోని హెవీ వెహికల్స్ ఫ్యాక్టరీ ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్‌లో భాగమైంది. ఆయన బాధ అబద్ధం కాదు. కానీ అప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లని డీమ్డ్ డెప్యుటేషన్ మీద, అంటే కంపెనీకి అరువిచ్చిన ప్రభుత్వ ఉద్యోగులన్న లెక్కన, కేంద్ర ప్రభుత్వ సర్వీసు షరతులతోనే ఉంచారు. అది ఒక్క సంతకంతో రాత్రికి రాత్రి జరిగిందీ కాదు. ప్రభుత్వం వేసిన కేల్కర్ కమిటీ 2005 ప్రాంతంలోనే ఈ సలహా ఇచ్చింది. ఆ శాఖలో ఏదైనా కదలాలంటే పదిహేనేళ్లు పడుతుందని మీ అమ్మాయి ఇప్పుడే తెలుసుకోవడం మంచిది. భరోసా కంటే ఓపిక పెద్ద సమస్య అక్కడ.

నమ్మకం కలగకపోతే, ఆ గోడమీది చార్టు పక్కన మన దేశంలో తయారైన తేజస్ యుద్ధవిమానం తేదీలు రాయించి చూడండి. 1983లో ప్రాజెక్టుకి అనుమతి వచ్చింది, అప్పుడు మంత్రి ఆర్. వెంకట్రామన్. 2001 జనవరి 4న బెంగళూరులో మొదటిసారి గాల్లోకి లేచింది, అప్పుడు జార్జ్ ఫెర్నాండెజ్. 2016 జులై 1న వైమానిక దళం స్క్వాడ్రన్‌లో చేరింది, అప్పుడు మనోహర్ పారికర్. 2021 ఫిబ్రవరిలో యెలహంకలో ఏరో ఇండియా విమాన ప్రదర్శనలో 83 విమానాలకి సుమారు 48,000 కోట్ల కాంట్రాక్టు కుదిరింది, అప్పుడు రాజ్‌నాథ్ సింగ్. 1983కీ 2016కీ మధ్య ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు పదిహేను మందికి పైనే. ప్రమోద్ మహాజన్ పదమూడు రోజుల మంత్రి. ఎ.కె. ఆంటోనీ ఎనిమిదేళ్లకు దగ్గరగా ఉన్నారు. వీళ్లెవరు దిగిపోయినా ప్రాజెక్టు ఇంజినీర్ల నెలజీతం ఆగలేదు. కాకపోతే ఉద్యోగంలో చేరిన ఏడాది డ్రాయింగు గీసిన మనిషికి, ఆ విమానం స్క్వాడ్రన్‌లో చేరేసరికి రిటైర్మెంటు దగ్గరపడి ఉంటుంది. మీరు అడగాల్సింది ఈ సంగతి.

ఇక 'రక్షణ శాఖలో పెద్ద ఆఫీసర్' అన్న మాట. అలాంటి ఉద్యోగం ఒకటంటూ లేదు. మంత్రి కింద ఐదు విభాగాలున్నాయి, వాటి పైకుర్చీలకి వేర్వేరు గుమ్మాలు. రక్షణ కార్యదర్శి ఐఏఎస్ గుమ్మంలోంచి వస్తారు. సైనిక వ్యవహారాల విభాగానికి కార్యదర్శి చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్, అంటే యూనిఫాం మనిషి. ఆ కుర్చీ కావాలని కార్గిల్ తర్వాత 2001లో మంత్రుల బృందం సిఫారసు చేస్తే, అది వచ్చింది 2020 జనవరి 1న. పరిశోధన విభాగానికి కార్యదర్శి డీఆర్డీవో ఛైర్మన్, ఆయన శాస్త్రవేత్త. మిగతా రెండు ఉత్పత్తి విభాగం, మాజీ సైనికుల సంక్షేమం. ఉత్పత్తి విభాగం 1962లో చైనా యుద్ధం దెబ్బ తిన్నాక పుట్టింది. ఒక గుమ్మంలోంచి లోపలికి వెళ్లాక పక్క గదిలోకి తలుపు దాదాపు ఉండదు. అందుకే 'మూడింట్లో ఏది మంచిది' అన్న ప్రశ్నకి జవాబు లేదు. మూడూ మూడు రకాల మనుషుల పనులు.

సివిల్స్ రాసి రక్షణ కార్యదర్శి అవుదామనుకుంటే అది లాటరీ. 2024 నవంబరులో ఆ కుర్చీలోకొచ్చిన రాజేశ్ కుమార్ సింగ్ 1989 బ్యాచ్, కేరళ కేడర్. అంతకుముందు పరిశ్రమల ప్రోత్సాహక విభాగం కార్యదర్శి. ముప్పై అయిదేళ్ల తర్వాత ఏ శాఖ చేతికొస్తుందో ఏ ఐఏఎస్‌కీ తెలియదు. నిజంగా రక్షణ శాఖలోనే ఉండాలంటే అదే సివిల్స్ పరీక్షలో ఎవరూ పట్టించుకోని రెండు సర్వీసులున్నాయి. ఒకటి డిఫెన్స్ అకౌంట్స్ సర్వీసు, సైన్యం ఖర్చుపెట్టే ప్రతి రూపాయికీ లెక్క చూసేది వాళ్లే. రెండోది డిఫెన్స్ ఎస్టేట్స్. పదిహేడు లక్షలకు పైగా ఎకరాల రక్షణ భూమి, కంటోన్మెంట్లు వాళ్ల చేతిలో. బెళగావిలోనూ, చెన్నై పల్లావరం వైపునా వాళ్ల పని చూడొచ్చు. టీవీలో కనిపించని ఉద్యోగాలివి. ఆ చార్టు రాసిన పిల్లకి ఇవే నచ్చొచ్చు.

నాలుగేళ్లకి ఇంటికి పంపడం అగ్నివీర్‌లకి, అంటే సిపాయి స్థాయి భర్తీకి. ఎన్డీఏ ద్వారా వెళ్లేవాళ్లు ఆఫీసర్లు, వాళ్లకి ఆ పథకంతో సంబంధం లేదు. ఈ రెండూ కలిపేసి భయపడే తల్లిదండ్రులు చాలామంది. అమ్మాయిలు ఎన్డీఏలో 2022లో చేరారు, ఆ మొదటి బ్యాచ్‌లో పదిహేడు మంది 2025 మేలో పాసై బయటికొచ్చారు. సీట్లు తక్కువే, దాచడం దేనికి. రాతపరీక్ష సంగతి ఏ కోచింగ్ సెంటరైనా చెబుతుంది. దెబ్బతినేది ఆఫీసర్ల ఎంపిక ఇంటర్వ్యూ అయిన ఎస్‌ఎస్‌బీ మొదటి రోజు. ఒక మసక బొమ్మ ముప్పై సెకన్లు చూపించి కథ రాయమంటారు, తర్వాత గుంపులో కూర్చోబెట్టి మాట్లాడమంటారు. కథ బాగానే రాసి, గుంపులో నోరు మెదపక సాయంత్రానికే రైలెక్కే పిల్లలు కొల్లలు. ఇంట్లో పెద్దవాళ్ల మధ్య ఆడపిల్లని మాట్లాడనివ్వకుండా పెంచి, అక్కడ అనర్గళంగా మాట్లాడాలంటే ఎలా? ఎన్డీఏ కుదరకపోతే డిగ్రీ తర్వాత చెన్నై పరంగిమలైలో ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ ఉంది. పదేళ్ల షార్ట్ సర్వీసు, ఇంకో నాలుగేళ్లు పొడిగించుకోవచ్చు. శాశ్వత కమిషన్‌కీ, అంటే రిటైర్మెంటు దాకా ఉండటానికీ, అవకాశముంది.

ఏరోస్పేస్ అండ్ డిఫెన్స్ బీటెక్ దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. బెంగళూరులో ఈ మోజు ఎక్కువ. ఏరో ఇండియా జరిగిన ఏడాది ఇంకా ఎక్కువ. మీ ఇంటికి దగ్గర్లోనే సీవీ రామన్ నగర్ ఉంది కదా. అక్కడి డీఆర్డీవో ల్యాబుల్లో ఎవరు ఏం చేస్తారో చూడండి. ఎల్ఆర్డీఈ రాడార్లు చేస్తుంది, అంటే ఎలక్ట్రానిక్స్. కెయిర్ కంప్యూటర్, ఏఐ పని చేస్తుంది. జీటీఆర్ఈలో కావేరీ ఇంజిన్ అంటే మెకానికల్, మెటలర్జీ. డెబెల్ పైలట్లకి ఆక్సిజన్ అందించే వ్యవస్థలు చేస్తుంది. తేజస్ రెక్కని క్షణక్షణం సరిదిద్దే ఫ్లైట్ కంట్రోల్ కంప్యూటర్ ఏడీఈ అనే ల్యాబులో రూపుదిద్దుకుంది. విమానం ఒకటే గానీ, దాన్ని నిలబెట్టేది ఏరోస్పేస్ డిగ్రీ ఒక్కటే కాదు. డీఆర్డీవో సైంటిస్ట్-బి (శాస్త్రవేత్తగా మొదటి మెట్టు పోస్టు) నోటిఫికేషన్ ఏదైనా తీయండి, ఖాళీల్లో పెద్ద వాటా ఎలక్ట్రానిక్స్, మెకానికల్, కంప్యూటర్ సైన్స్‌దే. నెల్లూరు జిల్లా నుంచి వెళ్లి 2018 నుంచి 2022 దాకా డీఆర్డీవోని నడిపిన జి. సతీశ్ రెడ్డి చదివింది అనంతపురం జేఎన్‌టీయూలో ఎలక్ట్రానిక్స్.

ఇంకో గొయ్యి డిగ్రీ పేరులో ఉంది. నోటిఫికేషన్‌లో ఒక్కో పోస్టుకి ఏయే పేర్ల డిగ్రీలు చెల్లుతాయో జాబితా ఇస్తారు. కాలేజీ మార్కెటింగ్ కోసం పెట్టిన పొడుగాటి పేరు ఆ జాబితాలో లేకపోతే, సమానమే అని నిరూపించుకునే తిప్పలు మీ అమ్మాయివి. అడ్మిషన్ కౌంటర్లో డబ్బు కట్టకముందు చేయాల్సింది ఇది: పట్టాలో అచ్చయ్యే బ్రాంచి పేరు అక్షరం పొల్లుపోకుండా రాయించుకోండి, పాత డీఆర్డీవో, హెచ్ఏఎల్ (విమానాల కంపెనీ), బీఈఎల్ (రక్షణ ఎలక్ట్రానిక్స్ కంపెనీ) ప్రకటనలతో పోల్చండి. కుదరకపోతే ఆ సీటు వద్దు. కర్ణాటక ఎంట్రన్స్ సీఈటీలో వచ్చిన ఎలక్ట్రానిక్స్ లేదా మెకానికల్ సీటు, అది మామూలు కాలేజీలోదైనా, నాలుగేళ్లకి పదహారు లక్షలయ్యే ఈ సీటు కంటే మేలు.

'మా వాళ్లమ్మాయికి డీఆర్డీవోలో పడింది' అని ఎవరైనా అంటే ఏం పడిందో అడగండి. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో) అయితే నెలకి 37,000 ఫెలోషిప్, గడువు తీరాక బయటికే. బీఈఎల్‌లో ట్రైనీ ఇంజినీర్, ప్రాజెక్ట్ ఇంజినీర్ కూడా గడువున్న కాంట్రాక్టులే, పర్మనెంటు పోస్టు పేరు ప్రొబేషనరీ ఇంజినీర్. సైంటిస్ట్-బి మూలవేతనం 56,100. సైన్యంలో లెఫ్టినెంటుదీ అంతే, పైన మిలిటరీ సర్వీస్ పే 15,500. జీతం చూసి ఎంచుకునే తేడా ఇక్కడ లేదు.

ఇప్పుడు కాస్త గట్టిగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరంలో బావమరిది ఉన్నాడు, బంధువులున్నారు, మంత్రులున్నారు, ఫీజు ఉంది. అమ్మాయికి ఏ సబ్జెక్టు ఇష్టమో, ఫిజిక్స్‌లో ఎన్ని వస్తున్నాయో, ఉదయం మైదానం చుట్టూ రెండు కిలోమీటర్లు పరుగెత్తగలదో లేదో ఒక్క ముక్క లేదు. చివర్లో మాత్రం 'ఎక్కడెక్కడో పోస్టింగులు'. భరోసా పేరు చెప్పి మీరు అడిగింది అదే. ఇంటికి దగ్గరగా ఉండాలని మీకుంటే ఆ మాటే ఆమెకి చెప్పండి, తప్పేం లేదు. మంత్రులు మారతారన్న సాకుతో ఆమె ఇష్టాన్ని చిన్నబుచ్చకండి. ఒక పిల్ల సినిమా హీరోల బొమ్మలు కాకుండా మంత్రుల చార్టు గోడకెక్కించిందంటే ఆమెలో ఏదో ఉంది. ఇల్లు వదిలే విషయంలో కూడా మీరనుకున్నంత లేదు. వైమానిక దళంలో టెక్నికల్ ఆఫీసర్ల శిక్షణ మీ జాలహళ్లిలోనే. సైంటిస్ట్ అయితే సీవీ రామన్ నగర్ రావచ్చు, ఢిల్లీ పడొచ్చు. మొదటి పోస్టింగు మన చేతిలో ఉండదు.

ఈ నెల చేయాల్సింది పెద్దగా లేదు. కళ్లు, పాదాలు, మోకాళ్లు ఒకసారి డాక్టరుకి చూపించండి. చదునుపాదం, మోకాళ్లు తగలడం లాంటివి రాతపరీక్షకి ముందే తెలిస్తే రెండేళ్ల కోచింగ్ డబ్బు మిగులుతుంది. ఎన్డీఏకి దరఖాస్తు చేయనివ్వండి, సీఈటీ ఎలాగూ రాస్తుంది, ఒకదానికొకటి అడ్డం కాదు. ఏరోస్పేస్ సీటుకి అడ్వాన్సు మాత్రం కట్టకండి.

అన్నట్టు, ఆ చార్టులో పీవీ నరసింహారావు పేరు 1985 దగ్గరొకసారి, 1993 నుంచి 96 దాకా ప్రధానిగా ఉంటూనే మరోసారి రావాలి. సరిచూసుకోమనండి.