బుజ్జీ, ఆ వారమంతా మ్యూరెన్‌లోనే ఉండండి

బుజ్జీ,

నువ్వు పంపిన స్విట్జర్లాండ్ ప్లాను చూశాను. ఏడు రోజుల్లో ఇంటర్‌లాకెన్, టిట్లిస్, యుంగ్‌ఫ్రావ్‌యోఖ్, జెర్మాట్, మధ్యలో రెండు రోజులు స్కీయింగ్. ఇది సెలవు కాదే, బస్సు మాట్లాడుకుని తీర్థయాత్రకు బయల్దేరినట్టుంది. మేమూ మొదట్లో అలాగే తిరిగాం. ఫొటోలు బోలెడు మిగిలాయి గానీ స్కీయింగ్ మాత్రం నాలుగో ఏటికి గానీ రాలేదు, ఎందుకంటే కాళ్లు అలవాటు పడేసరికి సూట్‌కేసు సర్దే రోజు వచ్చేసేది.

అందుకే మిగతావన్నీ కొట్టేసి ఏడు రోజులూ మ్యూరెన్ అనే కొండ ఊళ్లో ఉండండి. లౌటర్‌బ్రున్నెన్ లోయకు పైన, కొండ అంచు మీద 1,638 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఊరి జనం నాలుగైదు వందల మంది, కార్లు లేవు. నువ్వు డబ్బు పోసి దగ్గరికెళ్లి చూడాలనుకున్న యుంగ్‌ఫ్రావ్, పక్కనే మ్యోంఖ్, ఐగర్ శిఖరాలు ఎదురుగా వరసగా నిలబడి ఉంటాయి, కాఫీ తాగుతూ చూసుకోవచ్చు. కారు లౌటర్‌బ్రున్నెన్ స్టేషన్ దగ్గర పార్కింగ్‌లో వదిలేసి కేబుల్ కారులో గ్రూట్ష్‌ఆల్ప్, అక్కణ్ణుంచి చిన్న రైలు. సామాను చేతుల్తో మోయాల్సిందే కాబట్టి పెద్ద సూట్‌కేసులు రెండు మించి తేవద్దు.

ఎప్పుడంటావా, మార్చి మొదటి సగం. ఎండ బాగుంటుంది, పగలూ పెద్దది. జనవరిలో ఇన్ఫెర్నో అని 1928 నుంచి జరుగుతున్న స్కీ రేసు ఉంటుంది, ఆ వారం పొరపాటున కూడా బుక్ చేయకు, గది దొరకదు, ప్రశాంతత అసలే దొరకదు. ఫిబ్రవరిలో బడి సెలవుల రద్దీ. పిల్లాడికి ఇంకా ఐదేళ్లేగా, వచ్చే ఏడు బడిలో వేశాక జర్మనీలో ఒక్కరోజు మాన్పించడం కూడా గగనమే, ఈ అవకాశం మళ్లీ రాదు.

ఒక సంగతి దాచకుండా చెప్తాను. మ్యూరెన్ వాలులు కొంచెం నిటారు. ఇంగ్లీషువాళ్లు 1922లో మొదటి స్లాలమ్ (జెండాల మధ్య వంపులు తిరుగుతూ దిగే) పోటీ పెట్టిందీ, 1931లో మొదటి ఆల్పైన్ స్కీయింగ్ ప్రపంచ పోటీలు జరిగిందీ ఇక్కడే, వాళ్లకు కావాల్సింది మెత్తటి వాలు కాదుగా. కాబట్టి మొదటి రెండు రోజులు మీ ఆయన ఎంత తొందరపెట్టినా పైకి పోవద్దు. పిల్లలు నేర్చుకునే చోటే మాస్టారిని పెట్టుకుని ఆగడం నేర్చుకోండి. ఆ రెండు రోజులకు మొత్తం ప్రాంతానికి పనికొచ్చే ఖరీదైన లిఫ్టు పాస్ కొనకండి, దండగ. స్కీల ముందు కొనలు దగ్గరికి, వెనక కొనలు దూరంగా పెట్టి ఆగాలి, పిల్లలకు పిజ్జా ముక్క అని నేర్పుతారు. ఇంగ్లీషు T అక్షరం ఆకారంలో ఉండే లిఫ్టు మీద కూర్చోకు, అది కుర్చీ కాదు, వెనక నుంచి నెడుతుందంతే. నేను కూర్చున్నాను, నడుం విరిగినంత పనైంది, వెనక వరసంతా ఆగిపోయింది.

బూట్ల దగ్గర మొహమాటపడకు. నిలబడితే వేళ్లు ముందు తగలాలి, మోకాళ్లు ముందుకు వంచితే కాస్త వెనక్కి రావాలి. సాక్సు ఒక్కటే, అదీ పలచగా, రెండు వేస్తే కాలు ఒరుసుకుపోతుంది. అద్దె దుకాణంలో బరువు, ఎత్తు, నీకెంత వచ్చో అడుగుతారు, దాన్ని బట్టే పడ్డప్పుడు స్కీ ఊడేలా స్ప్రింగు బిగిస్తారు. మీ పెదనాన్న పరువుకు పోయి బాగానే వచ్చని చెప్పారు. స్ప్రింగు గట్టిగా బిగించారు, పడ్డప్పుడు స్కీ ఊడలేదు, మోకాలు తిరిగింది. ఆ మోకాలు చలికాలం వస్తే ఇప్పటికీ గొణుగుతూనే ఉంటుంది.

జీన్స్ వద్దు, తడిస్తే ఇక అంతే. హెల్మెట్ అందరికీ. కొత్త మంచు ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది, మన రంగుకు ఏం కాదులే అనుకోకు, గడ్డం కింద కూడా క్రీము రాయి. వాలు మీద ముందు పోయేవాడిదే హక్కు, వెనక నుంచి వచ్చేవాడే తప్పుకోవాలి. ఇన్సూరెన్సు సంగతి మీ ఆయన్ని చూడమను, జర్మనీ ప్రభుత్వ ఆరోగ్య బీమా మామూలుగా కొండ మీంచి దించే ఖర్చు ఇవ్వదు, విడిగా ప్రయాణ బీమా తీసుకోండి. పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు మర్చిపోవద్దు.

ఇక తిండి. వంటిల్లున్న అపార్ట్‌మెంటు తీసుకో. రోష్టీ (బంగాళాదుంప అట్టు), రాక్లెట్ (కరిగించిన చీజ్) బాగుంటాయి గానీ మూడో రోజుకి చీజ్ వాసన చూస్తే చారన్నం గుర్తొస్తుంది. జర్మనీలో కొన్న రైస్ కుక్కర్ లావు ప్లగ్గు స్విస్ సాకెట్‌లో దూరదు, అడాప్టర్ తెచ్చుకో. అంత ఎత్తులో నీళ్లు దాదాపు 95 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి మామూలు గిన్నెలో కందిపప్పు ఉడికేసరికి నీ ఓపిక ఉడుకుతుంది, చిన్న ప్రెషర్ కుక్కర్ పెట్టుకో. పులిహోర పేస్టు, గోంగూర సీసా చాలు, పెరుగు ఊళ్లో దొరుకుతుంది.

ఒకరోజు వెచ్చటి ఫ్యోన్ గాలి వీచి పైన లిఫ్టులు మూసేస్తారు, టెన్షన్ పడకు. పిల్లాణ్ణి స్లెడ్జి మీద కూర్చోబెట్టుకుని కిందున్న గిమ్మెల్‌వాల్డ్ దాకా జారిపోండి, కేబుల్ కారులో పైకి రావచ్చు.

మా అటక మీద మనవడి స్కీ సూటు ఉంది, 116 సైజు, అంటే 116 సెంటీమీటర్ల ఎత్తు పిల్లలకు, ఒక జిప్పు మొరాయిస్తుంది. పిల్లాడి ఎత్తు కొలిచి రాత్రికి ఫోన్ చెయ్యి, సరిపోయేట్టుంటే జిప్పు మార్పించి పోస్టులో వేస్తాను.

మీ పెద్దమ్మ