ముందు అన్నయ్యను అడుగు

అమ్మలూ,

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ పరుగెత్తి, మానసిక వైద్యానికి డబ్బుల్లేని వాళ్ళ కోసం చందాలు పోగుచేస్తున్నావని అమ్మ చెప్పింది. కడుపు నిండినట్టయింది. కాసేపటికే గాభరా పుట్టింది.

కొత్త బూట్లు ఆ రోజే తొడగకు. వారానికోసారి చేసే దూరం పరుగు ఎగ్గొట్టకు. నెక్లెస్ రోడ్డు మీద తెల్లవారుజామున ఊపు మీద పోకు, ఫ్లైఓవర్లన్నీ ముందున్నాయి. 42 కిలోమీటర్లలో 30 దాటాకే ఒంటి సంగతి తెలిసేది. దాహం వేస్తేనే తాగు. కనపడ్డచోటల్లా ఉత్త నీళ్ళు పట్టిస్తే ఒంట్లో ఉప్పు పలచబడి వాంతులవుతాయి, మాట తడబడుతుంది. చూసేవాళ్ళు నీరసమనుకుని ఇంకా నీళ్ళు పోస్తారు. అది ప్రాణం మీదికొస్తుంది తల్లీ.

అసలు నిద్ర పట్టనిది ఇందుక్కాదు. చందాల కోసం నువ్వు పంపిన మెసేజీలో మీ అన్నయ్య ఫొటో ఉంది. వాణ్ని అడిగావా?

2009లో మా ఆఫీసు వాళ్ళం ఇలాగే పది కిలోమీటర్ల పరుగుకు చందాలు ఎత్తాం. అప్పటికి మీ చిన్న మావయ్య ఆరు నెలలుగా మందులు వాడి కుదుటపడుతున్నాడు. నేను మైకు పట్టుకుని వాడి కథంతా చెప్పేశాను. వాడు నిద్రపోని రాత్రులు, గదిలో గడియ పెట్టుకున్న రోజు, అన్నీ. జనం కళ్ళు తుడుచుకున్నారు, డబ్బాలో నోట్లు పడ్డాయి. చివరి వరసలో నా తువ్వాలు పట్టుకుని వాడు నిలబడి ఉన్నాడు. నేను చూడలేదు. దిగి వచ్చేసరికి తువ్వాలు నాలుగు మడతలు పెట్టి కుర్చీ మీద ఉంది, వాడు లేడు.

రెండు వారాల తర్వాత బీరువాలో చొక్కాల కింద మాత్రల అట్టలు దొరికాయి. ఒక్కటీ చింపలేదు. 'ఊరందరికీ పిచ్చోణ్ణయ్యాక మందులెందుకన్నయ్యా' అన్నాడు. మళ్ళీ డాక్టరు గడప తొక్కించడానికి ఏడాది పట్టింది. మంచి పనికేగా అనుకున్నాను. ఆ మంచి పని వాడి నెత్తిన రుద్దాను.

ఈ సంగతి నీకు రాయొచ్చా అని వాణ్ని అడిగే రాస్తున్నాను. పదహారేళ్ళకు నేర్చుకున్నది ఇదొక్కటే.

అన్నయ్య వద్దంటే ఫొటో తీసెయ్. సరేనంటే ఏ మాటలు రాయాలో వాడే చెప్తాడు. టీషర్టు వెనక 14416 అని పెద్దంకెల్లో వేయించు. మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఫోను నంబరది, పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. నీ వెనక పరుగెత్తేవాళ్ళలో ఎవరికి అవసరమో మనకేం తెలుసు.

మోకాలు నొప్పంటే మాత్రం ఆగిపో, చందా ఇచ్చినవాళ్ళెవరూ తిట్టరు. గచ్చిబౌలిలో మేమిద్దరం నిలబడి ఉంటాం. తువ్వాలు తనే తెస్తానన్నాడు చిన్న మావయ్య.

మీ పెద్ద మావయ్య